రెండు వందల ఏళ్లుగా తేలుతున్న బొంబాయి టేకు ఓడ

1812 డిసెంబర్ 29న బ్రెజిల్ తీరానికి దూరంగా, అట్లాంటిక్ సముద్రంలో రెండు తెరచాప యుద్ధనౌకలు తలపడ్డాయి. ఒకటి అమెరికా నౌక కాన్‌స్టిట్యూషన్. రెండోది బ్రిటిష్ నౌక జావా. బొంబాయి గవర్నర్‌గా నియమితుడైన జనరల్ హిస్లాప్ జావాలో ప్రయాణిస్తున్నాడు. పోరు ముగిసేసరికి జావా తెరచాప స్తంభాలన్నీ కూలిపోయాయి. రేవుకు తీసుకుపోవడానికి కూడా పనికిరాదని తేల్చుకున్న అమెరికన్లు, అందులోని మనుషులను దించి ఓడకు నిప్పు పెట్టారు. కాన్‌స్టిట్యూషన్ చుక్కాని చక్రం ఆ పోరులో పగిలిపోయింది. దాని స్థానంలో జావా చక్రాన్నే ఊడదీసి బిగించుకున్నారు.

జావాతో పాటు కాలిపోయిన వాటిలో కొన్ని కాగితాలున్నాయి. బొంబాయి డాక్‌యార్డులో కట్టాల్సిన ఒక కొత్త ఫ్రిగేట్ (వేగంగా పోయే మధ్యస్థాయి యుద్ధనౌక) నమూనా పటాలవి. మళ్లీ ప్రతులు గీయించి పంపాల్సి వచ్చింది. అలా 1812 అక్టోబర్‌లో ఆర్డర్ ఇచ్చిన ఓడకు 1816లో గాని అడుగు దూలం పడలేదు. 1817 అక్టోబర్ 12న అది నీళ్లలోకి దిగింది. శ్రీలంక తూర్పు తీరంలోని రేవు పేరు మీద దానికి ట్రింకోమలీ అని పేరు పెట్టారు.

ఆ కాన్‌స్టిట్యూషన్, ఈ ట్రింకోమలీ రెండూ ఈనాటికీ నీళ్ల మీదే ఉన్నాయి. మొదటిది బోస్టన్‌లో, రెండోది ఈశాన్య ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ అనే చిన్న ఊళ్లో. పాత తెరచాప యుద్ధనౌకలు చూడాలనుకునేవాళ్లు సాధారణంగా పోర్ట్స్‌మత్‌లోని విక్టరీ అనే నౌక పేరే మొదట వింటారు. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్, ఆయన గెలిచిన ట్రఫాల్గర్ సముద్ర యుద్ధం కథల వల్ల దానికొచ్చిన పేరు అలాంటిది. ట్రింకోమలీకి అలాంటి గొప్ప యుద్ధం ఒక్కటీ లేదు. అది ఇన్నేళ్లు నిలవడానికి కారణం గెలుపులు కావు. కలప మంచిది కావడం, ఎప్పటికప్పుడు ఏదో ఒక పని దొరకడం వల్లే అది నిలిచింది. ఈ రెండు విషయాలు తెలిసి ఎక్కితే ఆ డెక్ మీద కనిపించేవి వేరుగా ఉంటాయి.

టేకు కథ

తెరచాప యుద్ధనౌక అంటే ముందుగా ఒక అడవి. విక్టరీ కట్టడానికి సుమారు 6,000 చెట్లు పట్టాయని లెక్క. అందులో చాలా భాగం ఓక్. ఫ్రాన్స్‌తో ఏళ్ల తరబడి సాగిన యుద్ధాలతో బ్రిటన్‌లో మంచి ఓక్ దొరకడం కష్టమైంది. తొందరలో పచ్చి కలపతో కట్టిన ఓడలు కొన్నేళ్లకే పుచ్చిపోయేవి. అలా బ్రిటిష్ నౌకాదళం చూపు బొంబాయి మీద పడింది.

బొంబాయిలో అప్పటికే ఒక కుటుంబం తరతరాలుగా ఓడలు కడుతోంది. సూరత్‌లో ఓడలు కట్టే పార్సీ వడ్రంగి లవ్‌జీ నుస్సెర్‌వాన్‌జీని ఈస్టిండియా కంపెనీ 1730లలో బొంబాయి రప్పించింది. 1750లో అక్కడ డ్రై డాక్, అంటే నీళ్లు తోడేసి ఓడను పొడి నేల మీద నిలిపే రేవు, వెలసింది. ఓడలు కట్టేవాళ్లు కాబట్టి వాళ్ల ఇంటి పేరు వాడియా అయింది. ట్రింకోమలీని కట్టిన జంషెడ్జీ బొమన్‌జీ వాడియా ఈ లవ్‌జీ మనవడు. 1810లో నీళ్లలోకి దిగిన మిండెన్ ఆయన చేతి పనే. బ్రిటిష్ నౌకాదళం తన పెద్ద యుద్ధనౌకను సొంత దీవుల బయట కట్టించుకోవడం అదే మొదటిసారి. 1813లో ఆయన కట్టిన కార్న్‌వాలిస్ మీదే 1842లో చైనాతో నాన్‌జింగ్ ఒప్పందం కుదిరింది. హాంకాంగ్ బ్రిటన్ చేతికి వెళ్లింది ఆ ఒప్పందంతోనే.

ఇంగ్లండ్‌లోని ఓడ వడ్రంగులకు, వాళ్ల డాక్‌యార్డు అధికారులకు ఒక భారతీయుడు ఈ పని చేయగలడన్న నమ్మకం వెంటనే కలగలేదు. జంషెడ్జీ ఒక ఓడ లోపలి దూలం మీద ఎవరికీ కనబడని చోట, ఈ ఓడ కట్టింది ఒక నల్లవాడు అనే అర్థం వచ్చేలా, తెల్లవాళ్లు తనను తిట్టే మాటతోనే చెక్కాడని, తర్వాతెప్పుడో మరమ్మతుల్లో అది బయటపడిందని వాడియాల చరిత్రలో చెప్పుకుంటారు. వినగానే మనసులో నాటుకుపోయే కథ ఇది. ఆ మనిషి పడిన అవమానం, పని మీద ఆయనకున్న ధీమా రెండూ అందులో ఉన్నాయి.

మరి టేకుకు ఓక్‌కు తేడా ఏమిటి? టేకులో సహజంగా నూనె ఉంటుంది. నీరు అంత తేలిగ్గా లోపలికి ఇంకదు, బూజు పట్టదు, చెదలు పట్టడం తక్కువ. ఎండకు, వానకు కలప ఉబ్బడం, కుంచించుకుపోవడం కూడా తక్కువే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇనుము సంగతి. ఓక్‌లో ఉండే టానిన్ ఆమ్లం తడి తగిలితే ఇనుప మేకులను తినేస్తుంది. మేకు తుప్పుపడితే చుట్టూ ఉన్న కలప కూడా నల్లబడి పుచ్చిపోతుంది. టేకులో దిగిన ఇనుప మేకు మాత్రం నూనె వల్ల చాలాకాలం చెక్కుచెదరదు. మన ఇళ్లలో తాతలనాటి టేకు గుమ్మాలు, తలుపులు ఎందుకు నిలిచాయో, ఈ ఓడ కూడా అందుకే నిలిచింది.

బొంబాయి వడ్రంగుల పనితనానికీ ఇందులో వాటా ఉంది. యూరప్‌లో పలకలను అంచుకు అంచు ఆనించి, మధ్య సందులో నార కూరి తారు పోసేవారు. బొంబాయిలో ఒక పలక అంచును రెండో పలకలోకి గాడి తీసి కూర్చోబెట్టేవారు. మధ్యలో జిగురు పూసిన పత్తి పెట్టేవారు. దీనికి సమయం ఎక్కువ పట్టేది, నైపుణ్యమూ కావాలి. అలా కూర్చిన ఓడ గోడలో నీరు కారడం చాలా తక్కువని అప్పటి యూరప్ ప్రయాణికులు కూడా మెచ్చుకుంటూ రాశారు.

అయితే ఈ కలప ఊరికే రాలేదు. పచ్చి టేకు దుంగ బరువుకు నీళ్లలో మునిగిపోతుంది. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ బెరడు, పై కలప చెక్కేసి, నిలువునా ఎండనిచ్చేవారు. రెండు మూడేళ్లకు దాన్ని నరికి, ఏనుగులతో లాగించి, వాన కాలంలో నదుల్లో వదిలి తీరానికి చేర్చేవారు. మలబారు అడవుల మీద కంపెనీ పట్టు బిగిసింది. 1806లో వాట్సన్ అనే అధికారిని అడవుల సంరక్షకుడిగా నియమించారు. పేరుకు సంరక్షణ, పని మాత్రం నౌకాదళానికి టేకు అందించడం. తమ పొలంలోని చెట్టును తాము నరుక్కునే హక్కు లేకపోవడంతో స్థానిక భూస్వాములు, వ్యాపారులు గట్టిగా ఎదురు తిరిగారు. 1823లో ఆ పదవినే రద్దు చేయాల్సి వచ్చింది. ఈలోగా తీరానికి దగ్గరలో పెద్ద టేకు చెట్లు తరిగిపోయాయి. 1840లలో మలబారు కలెక్టర్ కొనోలీ నిలంబూరులో టేకు నాటించడం మొదలుపెట్టింది ఈ లోటు వల్లే. దాన్ని చూసుకున్నది చాత్తు మేనన్. ప్రపంచంలో మొదటి టేకు తోటగా దానికి పేరు. హార్టిల్‌పూల్‌లో ఆ డెక్ మీద నిలబడినవాళ్లకు ఈ అడవి సంగతి కూడా తెలియాలి. ఓడలోని బోర్డుల మీద దీనికి ఎంత చోటిచ్చినా తక్కువే.

యుద్ధం చూడని యుద్ధనౌక

ట్రింకోమలీ లీడా తరగతి ఫ్రిగేట్. ఈ నమూనాకు మూలం 1782లో బ్రిటన్ పట్టుకున్న ఫ్రెంచ్ నౌక ఎబే. ఆ ఓడ నడక నచ్చి దాని కొలతలతోనే 47 ఫ్రిగేట్లు కట్టుకున్నారు. అంటే ఫ్రెంచ్ నమూనా, మలబారు కలప, పార్సీ వడ్రంగం, లంక రేవు పేరు, బ్రిటిష్ జెండా. ఫ్రిగేట్ అంటే ఒకే పూర్తి ఫిరంగుల అంతస్తు ఉన్న, వేగంగా పోయే మధ్యస్థాయి నౌక. శత్రువు జాడ తీయడం, వర్తక నౌకలకు కాపలా, దూర సముద్రాల్లో గస్తీ దాని పనులు. 38 ఫిరంగుల తరగతి, పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు 40 అడుగులు. అందులో దాదాపు 300 మంది ఉండాలి.

ఆ రోజుల్లో ఇలాంటి ఓడల పోరు మన తీరంలోనూ జరిగింది. 1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం రేవు ముందు ఫ్రెంచ్ అడ్మిరల్ లినువా మూడు నౌకలతో వచ్చి బ్రిటిష్ నౌక సెంచూరియన్ మీద, దానితో ఉన్న రెండు వర్తక నౌకల మీద పడ్డాడు. ఒక వర్తక నౌక పట్టుబడింది, ఇంకొకటి ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది. సెంచూరియన్ దెబ్బలు తిన్నా లొంగలేదు. ఈనాడు ఆర్‌కే బీచ్‌లో నిలబడి చూసే సముద్రంలోనే ఆ ఫిరంగులు మోగాయి.

ట్రింకోమలీ మాత్రం ఆలస్యంగా పుట్టింది. అది నీళ్లలోకి దిగేసరికి నెపోలియన్ సెయింట్ హెలెనా దీవిలో బందీగా ఉన్నాడు. బొంబాయి నుంచి ఇంగ్లండ్ వెళ్తూ 1819 జనవరిలో ట్రింకోమలీ ఆ దీవి దగ్గర ఆగింది. నెపోలియన్‌కు వైద్యం చేసిన స్టోకో అనే నౌకాదళ డాక్టరు అక్కడ ఎక్కాడు. ఏప్రిల్ చివర పోర్ట్స్‌మత్ చేరింది. చేరగానే స్తంభాలు దించేసి పక్కన పెట్టేశారు. అలా పాతికేళ్లకు పైగా, 1845 దాకా పని లేకుండా పడి ఉంది. ఓక్ ఓడ అయితే ఆ పాతికేళ్లు చాలు, పుచ్చిపోయి విరగ్గొట్టడానికి. ఇది టేకు కాబట్టి బయటకు తీసి చూస్తే పనికొచ్చేలా ఉంది.

ఫిరంగుల సంఖ్య తగ్గించి, బరువైనవి పెట్టి, వెనుక భాగం ఆకారం మార్చి 1847లో మళ్లీ సముద్రంలోకి పంపారు. 1850 దాకా ఉత్తర అమెరికా, వెస్టిండీస్ జలాల్లో గస్తీ తిరిగింది. 1852 నుంచి 1857 దాకా పసిఫిక్‌లో ఉంది. క్రిమియన్ యుద్ధం జరిగిన కాలమది. కెనడా పశ్చిమ తీరంలోని దీవుల మధ్య ట్రింకోమలీ చానెల్ అనే జలమార్గానికి ఈ ఓడ పేరే పెట్టారు. ఆవిరి నౌకలు రావడంతో ఆ తర్వాత దానికి సముద్రంలో పని లేకుండా పోయింది.

ఇక్కడి నుంచి కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది శిక్షణ నౌక అయింది. 1862 నుంచి 1877 దాకా వెస్ట్ హార్టిల్‌పూల్‌లో నౌకాదళ రిజర్వు దళానికి అందులోనే శిక్షణ ఇచ్చారు. 1897లో తుక్కు కింద అమ్మేశారు. అదే ఏడాది జెఫ్రీ వీట్లీ కాబ్ అనే ధనికుడు కుర్రవాళ్ల శిక్షణకు వాడుతున్న ఫూద్రయాఁ అనే పాత నౌక బ్లాక్‌పూల్ తీరంలో తుపానుకు పగిలిపోయింది. దాని బదులు ఆయన ట్రింకోమలీని కొన్నాడు. 1903లో దానికి పాత ఓడ పేరే పెట్టాడు. ఫాల్మత్, మిల్ఫర్డ్ హేవెన్, చివరికి పోర్ట్స్‌మత్ రేవుల్లో 1986 దాకా అది పిల్లలకు తెడ్లు వేయడం, ముడులు వేయడం, ఊయల పక్కల మీద పడుకోవడం నేర్పింది. అంటే నౌకాదళంలో చురుగ్గా తిరిగింది పదేళ్లలోపు. పాఠశాలగా పనిచేసింది వందేళ్లకు పైగా.

పక్క ఓడకు పట్టిన గతి

పోర్ట్స్‌మత్‌లో దాని పక్కనే ఇంప్లాకబుల్ అనే నౌక ఉండేది. 1800లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ. అసలు పేరు డ్యుగే త్రువాఁ. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఫ్రెంచ్ వైపు పాల్గొని తప్పించుకుంది. కొద్ది రోజులకే బ్రిటిష్ వాళ్లకు చిక్కింది. అంటే విక్టరీకి ఎదురు నిలిచిన ఓడ. ఏ మ్యూజియం అయినా ఏరికోరి తెచ్చుకోవాల్సినది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి కలప బాగా దెబ్బతింది. మరమ్మతుకు డబ్బు ఇచ్చేవాళ్లు దొరకలేదు. ఫ్రాన్స్ కూడా తీసుకోనంది. 1949 డిసెంబర్ 2న ఇంగ్లిష్ చానెల్లోకి లాక్కెళ్లి, బ్రిటిష్, ఫ్రెంచ్ జెండాలు రెండూ ఎగురవేసి, పేలుడు పదార్థాలు పెట్టి ముంచేశారు. పేలుళ్లకు అడుగు ఊడిపోయినా పై భాగం వెంటనే మునగలేదు. చాలాసేపు నీళ్ల మీదే కదలాడింది. దాని వెనుక భాగం చెక్కడాలు గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియంలో గోడకు ఎత్తున బిగించి ఉన్నాయి. ఓడ పోయాకే ఆ లోటు దేశానికి తెలిసొచ్చింది. పాత నౌకలను కాపాడాలన్న పట్టుదల బ్రిటన్‌లో ఆ తర్వాతే బలపడింది.

వాడియాలు కట్టిన మిగతా ఓడల సంగతి చూసినా టేకు ఎంత మొండిదో తెలుస్తుంది. 1815లో నీళ్లలోకి దిగిన వెల్లెస్లీ కూడా శిక్షణ నౌకగా థేమ్స్ నదిలో ఉండగా 1940 సెప్టెంబర్‌లో జర్మన్ విమానాల దాడిలో మునిగింది. 125 ఏళ్ల ఓడ విమాన బాంబుకు పోయింది. కార్న్‌వాలిస్ షీర్‌నెస్ రేవులో జెట్టీగా పడి ఉండి 1957లో విరగ్గొట్టబడింది. ట్రింకోమలీకి తోబుట్టువు లాంటి యూనికార్న్ స్కాట్లాండ్‌లోని డండీలో ఉంది. 1824లో కట్టిన ఆ ఓడకు స్తంభాలే ఎత్తలేదు. పైన కప్పు వేసి పక్కన పెట్టేశారు. ఆ కప్పే దాన్ని వాన నుంచి కాపాడింది. 47 లీడా ఫ్రిగేట్లలో మిగిలినవి ఈ రెండే.

మన దగ్గర ఇలాంటి సందర్భం వచ్చినప్పుడు ఏమైందో కూడా చెప్పాలి. 1971 యుద్ధంలో తూర్పు తీరాన పోరాడిన విమాన వాహక నౌక విక్రాంత్‌ను ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంచారు. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ దగ్గరే. నిర్వహణ భారం అవుతుందని విక్రాంత్‌ను అమ్మేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది. 2014లో దాన్ని తుక్కు చేశారు. ఆ పని చేయకుండా ఉండాల్సింది. అదే విశాఖలో 2002 నుంచి జలాంతర్గామి కుర్సురాను ఒడ్డుకెక్కించి జాగ్రత్తగా చూపిస్తున్నారు. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే అక్కడ గైడ్లు. ఆ ఇరుకులో నిలబడి వాళ్లు చెప్పేది విన్నవాళ్లకు, పనిచేసిన చోటనే పని గురించి వినడంలోని విలువ బాగా తెలుసు.

లోపల ఏం చూడాలి

1987లో ట్రింకోమలీని పెద్ద బార్జ్ మీద ఎక్కించి హార్టిల్‌పూల్ తెచ్చారు. ఆ ఊళ్లో ఓడల యార్డులు అప్పటికే మూతపడి చాలాకాలమైంది. కానీ వారియర్ అనే 1860ల నాటి ఇనుప యుద్ధనౌకను బాగుచేసే పని 1979 నుంచి అక్కడే జరిగింది. ఆ ఓడ పూర్తయి పోర్ట్స్‌మత్ వెళ్లిన ఏడాదే ఈ ఓడ వచ్చింది. పని నేర్చిన చేతులు సిద్ధంగా ఉన్నాయి. 1990లో మొదలైన పునరుద్ధరణ 2001లో ముగిసింది. మధ్యలో, 1992లో, పాత పేరు ట్రింకోమలీ తిరిగి పెట్టారు. పాత ఓడను నిలబెట్టాలంటే డబ్బు ఒక్కటే చాలదు. మోకులు పేనేవాడు, దూలం చెక్కేవాడు, స్తంభం ఎత్తేవాడు కావాలి. ఆ పనివాళ్లు చెదిరిపోయాక ఎన్ని కోట్లున్నా ఉపయోగం లేదు.

ఇప్పుడది పాత డాక్‌లో నీళ్ల మీద ఉంది. చుట్టూ 18వ శతాబ్దపు రేవు వీధిలా కట్టిన దుకాణాలు. పై డెక్ మీద ముందుగా కళ్లను కట్టేసేది తాళ్ల అడవి. అది చిందరవందరగా కనిపించినా ప్రతి మోకుకూ ఒక పేరు, ఒక పని ఉంటుంది. స్తంభాన్ని కదలకుండా పట్టుకునే మోకులకు తారు పూసి నల్లగా ఉంచుతారు. వాటిని మళ్లీ మళ్లీ కదిలించరు. తెరచాపలను లాగే తాళ్లు మాత్రం లేత రంగులో, చేతికి మెత్తగా ఉంటాయి. కదిలేది ఏది, కదలనిది ఏది అన్నది రంగును బట్టే తెలిసిపోతుంది. చీకట్లో, తుపానులో ఏ తాడు ఎక్కడుందో తడుముకోకుండా అందుకోవడమే నావికుడికి చదువు.

కింది అంతస్తులో ఫిరంగులు. ఈ తరగతి నౌకల్లోని 18 పౌండ్ల గుండు వేసే ఫిరంగి బరువు దాదాపు 2 టన్నులు. పేల్చిన ప్రతిసారీ అది వెనక్కి దూకుతుంది. దాన్ని పట్టి ఆపేది లావు మోకు. మళ్లీ ముందుకు లాగేది పది మంది దాకా మనుషులు. ఊగే నేల మీద, పొగలో, చెవులు పగిలే మోతలో ఆ పని జరిగేది. గోడలోకి దూసుకొచ్చే గుండు కంటే, అది చీల్చే చెక్క ముక్కలే ఎక్కువ మందిని గాయపరిచేవి. వెనుక వైపు కెప్టెన్ గది ఉంటుంది. కిటికీల వెలుతురు, బల్ల, కుర్చీలు. అక్కడ కూడా ఫిరంగులుంటాయి. యుద్ధం వస్తే గది గోడలు ఊడదీసి అంతా ఒకే ఫిరంగుల అంతస్తుగా మార్చేవారు.

ఇంకా కిందికి దిగితే నావికులు తిని పడుకునే చోటు. దూలాల కింద తల వంచి నడవాలి. ఒక్కొక్కరి ఊయల పక్కకు కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు. సగం మంది ఎప్పుడూ పైన డ్యూటీలో ఉంటారు కాబట్టి అసలు దొరికేది దానికి రెట్టింపు. సగటు మనిషి భుజాల వెడల్పు గుర్తు చేసుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది. సందర్శకులు ఇక్కడ ఒకటి రెండు నిమిషాలే ఆగుతారు. నిజానికి ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడే. ఫిరంగులు పేలింది ఏడాదికి కొన్ని రోజులు. ఈ చీకట్లో, ఈ తేమలో బతికింది మాత్రం ప్రతి రోజూ.

అన్నిటికన్నా అడుగున సరుకుల చోటు. నీళ్ల పీపాలు, ఉప్పు మాంసం, బిస్కెట్లు, బరువు కోసం ఇనుప దిమ్మలు ఉండేవి. మందుగుండు గది సంగతి ప్రత్యేకంగా గమనించదగ్గది. అందులోకి దీపం తీసుకెళ్లకూడదు. అందుకని పక్క గదిలో దీపం పెట్టి, మధ్య గోడలో అద్దం బిగించి వెలుతురు మాత్రం వచ్చేలా చేసేవారు. లోపలికి వెళ్లేవాళ్లు చిన్న నిప్పురవ్వ కూడా రాకుండా మెత్తని చెప్పులు వేసుకునేవారు.

అసలు ఎంత మిగిలింది?

పాత ఓడ ఎక్కిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఇది. విక్టరీలో అసలు కలప ఐదో వంతు అంటారు. కాన్‌స్టిట్యూషన్‌లో అంతకన్నా తక్కువే. ట్రింకోమలీ ఓడ గోడల్లో మాత్రం చాలా భాగం వాడియాల కాలం నాటి టేకే. ఆ రకంగా చూస్తే అసలుదనంలో ఇది ముందుంటుంది. స్వీడన్‌లోని వాసా నౌకతో ఏదీ పోటీ పడలేదు. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, కలప తొలిచే పురుగు బతకలేని బాల్టిక్ నీళ్లలో 333 ఏళ్లు పడి ఉండి, 1961లో పైకొచ్చింది కాబట్టి దాదాపు అంతా అసలు కలపే. కానీ అది ఒక్క రోజు కూడా పనిచేయని ఓడ.

ఈ లెక్కలతోనే విలువ కట్టడం సరికాదు. మన ఊరి గుడి రథాన్ని చూస్తే తెలుస్తుంది. ఒక ఏడు చక్రం మారుతుంది, ఇంకో ఏడు ఇరుసు మారుతుంది, పదేళ్లకోసారి పై చెక్కలు మారతాయి. అయినా అది తాతలు లాగిన రథమే. ఓడ పనిలో ఉన్న రోజుల్లోనే పలకలు మారుతుండేవి. పుచ్చిన పలక తీసి కొత్తది వేయడం ఓడ జీవితంలో భాగం. అసలు అడగాల్సింది ఏ కలపతో, ఏ పద్ధతిలో మార్చారన్నది.

విక్టరీ అనుభవం ఇక్కడ పాఠం లాంటిది. 20వ శతాబ్దంలో దానికి మరమ్మతులు చేసినప్పుడు పుచ్చిన ఓక్ తీసి చాలాచోట్ల టేకు, ఆఫ్రికా ఇరోకో కలప వేశారు. పురుగు పట్టదన్న నమ్మకంతో చేసిన పని. అయినా ఇప్పుడు బూజు, కలప తొలిచే పురుగు పట్టి, పైపలకలు ఊడదీసి మళ్లీ ఓక్ వేసే భారీ మరమ్మతు 2022 నుంచి నడుస్తోంది. దానికి పదేళ్లు పడుతుందని, 4 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చవుతుందని అంచనా. టేకు ఎక్కడ వేసినా శాశ్వతం అనుకోవడం పొరపాటు. గాలి ఆడని చోట, వాన నీరు నిలిచే చోట ఏ కలపైనా పుచ్చుతుంది. కలపలో తేమ 20 శాతం దాటితే బూజు మొదలవుతుంది. ఉప్పు నీటి కంటే వాన నీరే చెక్క ఓడకు పెద్ద శత్రువు. డెక్ సందుల్లో తారు కొంచెం పగిలినా ఆ నీరు లోపలికి దిగి దూలం గుండెను తినేస్తుంది.

ఇంకో తేడా, నీళ్లలో ఉండటం, నేల మీద ఉండటం. విక్టరీ 1922 నుంచి డ్రై డాక్‌లో ఉంది. నీళ్లు ఓడను అడుగంతా సమానంగా మోస్తాయి. దిమ్మల మీద పెట్టిన ఓడ బరువంతా కొన్ని చోట్ల పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పొట్ట భాగం జారి, గోడలు ఉబ్బుతాయి. అందుకే విక్టరీకి కొన్నేళ్ల క్రితం 134 కొత్త ఆనికలు పెట్టి, ఒక్కోదాని మీద ఎంత బరువు పడుతోందో కొలుస్తున్నారు. నీళ్లలో ఉన్న ఓడకు వేరే ఇబ్బంది. మధ్యలో వెడల్పు, చివర్లలో సన్నం కాబట్టి నీళ్లు మధ్య భాగాన్ని ఎక్కువ ఎత్తుతాయి, ముందు వెనుకలు కిందికి వాలతాయి. వెన్నుపూస లాంటి అడుగు దూలం విల్లులా వంగుతుంది. కాన్‌స్టిట్యూషన్ లోపల ఏటవాలుగా అమర్చిన పెద్ద దూలాలు ఆ వంపును ఆపడానికి పెట్టినవే. మధ్యలో తీసేసిన వాటిని 1990లలో మళ్లీ బిగించాక 1997లో ఆ ఓడ తన తెరచాపలతో సముద్రంలోకి వెళ్లగలిగింది. దాని మరమ్మతుల కోసం ఇండియానాలోని నౌకాదళ స్థావరంలో ప్రత్యేకంగా ఓక్ చెట్లు కాపాడుతున్నారు. నిలంబూరులో టేకు నాటినప్పటి ఆలోచనే, ఈసారి యుద్ధం కోసం కాదు.

తెలుగువాళ్లకు ఈ ఓడ అంత దూరమేమీ కాదు. పక్కనున్న మిడిల్స్‌బరోలోని టీసైడ్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు చాలామందే చదువుతున్నారు. అక్కడి నుంచి హార్టిల్‌పూల్ గంట లోపు ప్రయాణం. కోరంగి, తాళ్ళరేవు వైపు పుట్టినవాళ్లయితే చెక్క ఓడలు కట్టే వడ్రంగం గురించి ఇంట్లో వినే ఉంటారు. అలాంటివాళ్లు ఎక్కితే తప్పకుండా చివరిదాకా, అడుగు భాగం దాకా దిగి చూడాలి. కట్టడం మొదలుపెట్టినప్పుడు పార్సీ ఆచారం ప్రకారం ఓడకు మేలు జరగాలని అడుగు దూలంలో ఒక వెండి మేకు కొట్టారు. దాని పైనున్న దూలాలు మలబారు అడవిలోంచి వచ్చి, బొంబాయిలో చెక్కించుకుని, ఇప్పటికీ ఆ ఓడ బరువు మోస్తున్నాయి.